వదిన కిటికీ, పక్కింటి మెట్లు

మా వదిన పోయింది. ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను, ఇంకొంచెంలో మానేసేవాణ్ణే కూడా. వర్షాలు పట్టుకున్నాక ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చాం. ఒక మంగళవారం పొద్దున నేను ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళేసరికి మంచం మీద దుప్పటి మొహం దాకా కప్పి ఉంది. పదో రోజు కర్మ కూడా కాకుండానే మా తెలుగు సంఘం సెక్రటరీ ఫోను చేసి, పత్రికలో ఆవిడ మీద ఒక పేజీ రాయమన్నాడు. రాయనన్నాను.

బద్ధకం వల్ల కాదు. డెబ్బై దాటినవాడికి కాగితం ముందు కూర్చోవడం కంటే సుఖమైన పనులు చాలా ఉంటాయి, నిజమే, వీపు గోక్కోవడం అందులో ఒకటి. కానీ నేను కాదన్నది అతను అడిగిన తీరుకి. "మామయ్యగారూ, టీచరుగా సేవ, తెలుగు మీద అభిమానం, పిల్లల మీద ప్రేమ, ఇవన్నీ రాయండి. మెట్ల సంగతి మాత్రం వద్దు. ప్లీజ్" అన్నాడు.

మెట్ల సంగతి లేకుండా మా వదిన గురించి రాయడమంటే ఉప్పు సంగతి లేకుండా సముద్రం గురించి రాయడం. పైగా ఆసుపత్రిలో ఆవిడ నా మణికట్టు పట్టుకుని చెప్పిన మాట ఒకటుంది. "మరిదీ, నా గురించి రాస్తే మెట్ల గురించి రాయి. లేకపోతే రాయకు. ఊరికే మంచిదాన్నని రాసేవంటే లేచొస్తాను."

అందుకని సంఘం పత్రికకి కాకుండా మీకు రాస్తున్నాను. మీరు మమ్మల్ని ఎరగరు. ఆ మెట్లు కట్టినవాణ్ణి అసలే ఎరగరు. ఇది చదివాక ఎరుగుతారు, నాక్కావలసిందీ అదే.

మా అన్న హార్బరు వర్క్‌షాపులో వెల్డరు. పెళ్ళయ్యాక కొన్నాళ్ళకి వదిన శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చింది. తీసుకురావడానికి అన్నతో నేనూ వెళ్ళాను. దారంతా వాంతులతో మొహం గుడ్డ పిండినట్టుంది, చేతిలో మాత్రం మడిచిన పేపరు. అందులో గళ్ళ పజిలు, ఒక్క మాట తప్ప అంతా నిండి ఉంది. "కోట గోడ మూలన ఉండేది, మూడక్షరాలు, మీకేమైనా తెలుసా?" అని ఆవిడ ఈ దీవిలో అడుగుపెట్టి మొగుడిని అడిగిన మొదటి మాట. అన్న తెల్లమొహం వేశాడు. నాకు తెలుసు. బురుజు అన్నాను. ఆవిడ పేపరు తొడ మీద పెట్టుకుని రాసేసి, అప్పుడు తలెత్తి, "ఇతనెవరు?" అంది. వదినా మరుదులుగా మా సంబంధం ఆ గడిలో మొదలైంది.

నాకెలా తెలుసని అడగాలి మీరు. నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. అబర్డీన్ బజార్లో తాళ్ళు, మేకులు, రంగు డబ్బాలు అమ్మే కొట్టు మాది. విశాఖ నుంచి వచ్చే సరుకుకి చుట్టిన పాత పేపర్లు విప్పి, ఇస్త్రీ చేసినట్టు చేత్తో సాపుచేసి, చదవడం నేర్చుకున్నాను. అందుకే నాకు లోకంలో చాలా సంగతులు తెలుసు కానీ ఏదీ చివరిదాకా తెలియదు, అక్కడికి కాగితం చిరిగిపోయి ఉండేది. కోటల మీద ఒక వ్యాసం మాత్రం కొబ్బరి తాళ్ళ కట్టకి చుట్టుకుని నిండుగా వచ్చింది. బురుజు నా అదృష్టం.

పేపరు మీకు పొద్దున్నే గుమ్మంలో పడుతుంది. మాకు ఆ రోజుల్లో ఓడ మీద వచ్చేది, వారం పది రోజులవి ఒకే కట్టగా. ఇందులో చిక్కేమిటో పజిలు చేసేవాళ్ళకే తెలుస్తుంది. ఇవాళ్టి పజిలుకి జవాబు రేపటి పేపర్లో వేస్తారు. మాకు ఇవాళా రేపూ ఒకే కట్టలో ఉండేవి. చెయ్యి చాపితే జవాబు. వదిన ఆ కట్టని ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసి, చెవి పిన్నీసుతో పుస్తెలకి తగిలించుకుని, రోజుకొక పేపరు బయటికి తీసేది. ఊళ్ళో మిగతా తెలుగిళ్ళలో ఎన్నికల ఫలితాలు చదివేసి మర్చిపోయాక కూడా మా ఇంట్లో ప్రచారం జోరుగా సాగుతూ ఉండేది. ఒకసారి అన్న ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు ఎలాగో చెవి సంపాదించి, ఒక జవాబు చూసేసి, భోజనాల దగ్గర అప్పుడే తోచినట్టు మొహం పెట్టి చెప్పాడు. వదిన పప్పు వడ్డిస్తూ, "ఈ మాట మీకు తెలిసే మాట కాదే" అంది. మళ్ళీ ఓడ వచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు.

మనిషి చెడ్డది కాదు. మరిచిపోవడం చేతకానిది. మరిచిపోకుండా ఉండే విద్య నాకు నేర్పింది ఆవిడే, అందుకు ఆవిడకి రుణపడి ఉన్నాను.

స్కూల్లో తెలుగు చెప్పింది. రిటైరయ్యాక సంఘం పత్రికకి నెలకొక పజిలు తానే కట్టేది. ఇక్కడ మా పద్ధతి కొంచెం చెప్పాలి. మా దీవి పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే తల గోక్కుంటారు. బడి హిందీ, బజారు హిందీ, ఫోను ఇంగ్లీషు, ఇంక తెలుగు కంటికెక్కడ కనబడుతుంది? అందుకని పజిలు మేం చెవితో చేస్తాం. ఆదివారం పొద్దున నా కొట్టు ముందు నైలాన్ తాళ్ళ చుట్టల మీద జనం కూర్చుంటారు. చదవడం వచ్చినవాడు ఒకడు ఆధారం పైకి చదువుతాడు. మిగతావాళ్ళు విని, జవాబు అని, వేళ్ళు మడిచి అక్షరాలు సరిపోయాయో లేదో చూస్తారు. చేపలమ్మే ఆవిడ, ఆటోవాళ్ళు, తాపీ మేస్త్రీలు. ఒక్క అక్షరం గుర్తుపట్టలేనివాళ్ళు పజిలు మొత్తం పూర్తిచేసి లేచి వెళ్ళేవారు. స్టీరింగు మీద వేళ్ళు మడుచుకుంటూ పోయే ఆటోవాళ్ళని చూసి టూరిస్టులు జపం చేసుకుంటున్నారనుకునేవారు.

వదిన ఆ చుట్టల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. ఎవరైనా తొందరపడి తప్పు మాట అంటే, "గడి ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు, తప్పుతో నింపకు" అనేది. పెన్సిలుతో రాస్తే చేతిలోంచి లాగేసేది. "పెన్సిలు ఎందుకు? మాట మారుద్దామనా?"

ఇంక కిటికీ.

అన్న బ్రూక్షాబాద్‌లో ఇల్లు కట్టాడు, చిన్నది, ఏటవాలు నేల మీద. వంటింటి పక్కన వదిన కోసం పెద్ద కిటికీ పెట్టించాడు. చువ్వలు తనే వెల్డింగ్ చేశాడు. అందులోంచి కొబ్బరిచెట్ల సందున అరచేయంత సముద్రం కనబడేది. అన్న పోయాక ఆవిడ లోకమంతా ఆ కిటికీ దగ్గరే. బియ్యం ఏరడం అక్కడ, పజిళ్ళు కట్టడం అక్కడ, నాతో దెబ్బలాడడం అక్కడ. పిల్లల్లేరు. మేం మిడిల్ పాయింట్‌లో ఉండేవాళ్ళం, వచ్చేయమంటే, "ఆ కిటికీ ఊడదీసి తెస్తే వస్తాను" అనేది.

పక్క స్థలం ఒక కాంట్రాక్టరు కొన్నాడు. పరాయివాడు కాదు, ఇక్కడ పుట్టిన తెలుగువాడే, తాత సోంపేట వైపు నుంచి వచ్చినవాడు. టూరిస్టులకి మూడంతస్తుల లాడ్జి లేపాడు. దాని మెట్లు బయటివైపు పెట్టాడు, వదిన కిటికీకి చెయ్యి చాపితే తగిలేటట్టు. అవతలివైపు బోలెడంత చోటుంది. అటు కార్లు పెట్టుకోవాలట.

ముందు వెలుతురు పోయింది. తర్వాత సముద్రం పోయింది. వాటికి బదులు కాళ్ళు వచ్చాయి. కిటికీలోంచి చూస్తే మనుషులు మోకాళ్ళ దాకానే కనబడేవారు. వదిన కొన్నాళ్ళలో కాళ్ళు చదవడం నేర్చేసింది. "అదిగో, కొత్త పెళ్ళికూతురు. పారాణి ఇంకా పోలేదు. మొగుడు ముందు పోతున్నాడు చూడు, వెధవ, సూట్‌కేసు పిల్ల చేతికిచ్చి." కాంట్రాక్టరుని మాత్రం చూడకుండానే పోల్చేది. అతని ఎడమ చెప్పు మడత మంచం విప్పినట్టు కిర్రుమనేది.

మొదట మంచిగానే అడిగింది.

"బాబూ, నీ మెట్లు నా వంటింట్లోకి వచ్చేసేయి."

"థోడా అడ్జస్ట్ చేసుకోండి టీచర్ ఆంటీ. టూరిస్టులంటే మనకి అన్నం పెట్టేవాళ్ళు."

"వాళ్ళ కాళ్ళ దుమ్ము నా అన్నంలో పడుతోంది."

"టెన్షన్ మత్ లో ఆంటీ. కిటికీకి దుమ్ము ఆపే జాలీ కొట్టిస్తాను."

జాలీ రాలేదు. వదిన అర్జీ పెట్టింది. చూడ్డానికి ఒక ఆఫీసరు వచ్చాడు. ఆ మెట్లే ఎక్కి పైకి వెళ్ళి, వ్యూ చాలా బాగుందని మెచ్చుకుని, కొబ్బరినీళ్ళు తాగి, ఆ మెట్లే దిగి వెళ్ళిపోయాడు. ఆయన తాగిన బోండాం కిటికీ కింద పడింది. ఆ తర్వాత మేడ మీద సెల్ టవరు కూడా లేచింది, రాత్రీ పగలూ గుయ్యిమని మోత.

నేను నాలుగు కేకలేసి వస్తానన్నాను. వదిన కూర్చోమంది. "కోపమొస్తే అరవకు మరిదీ. అక్షరాలు లెక్కపెట్టు."

ఆ నెల పత్రికలో పజిలు వచ్చింది. అడ్డం మొదటిది: ఊరంతటితో మాట్లాడుతుంది, పక్కింటితో మాట్లాడదు, మూడక్షరాలు. నా కొట్టు ముందు అందరూ తమ వేళ్ళు చూసుకున్నారు. తర్వాత చేపలమ్మే ఆవిడ వేళ్ళు మడిచి, "టవరు" అంది. నిలువు రెండోది: పని అయ్యాక పక్కకి తప్పుకునే బుద్ధి దీనికుంది, మూడక్షరాలు. నిచ్చెన. అడ్డం అయిదోది: ఎక్కేది ఒకళ్ళు, భరించేది ఒకళ్ళు, రెండక్షరాలు. దానికి పదిమంది ఒకేసారి అరిచారు. ఎదురుగా మందుల షాపువాడు ఏమైందని బయటికొచ్చాడు.

అప్పట్నుంచి నెల నెలా అదే. ఒక టవరు, ఒక మెట్లు. అదే మాట మళ్ళీ వచ్చినా ఆధారం కొత్తది. గోపురం వేసింది, మంచె వేసింది, సోపానం వేసింది. బురుజుకి ఆవిడ రాసింది నాకు కంఠతా వచ్చు. పూర్వం శత్రువుల మీద కాపలా, ఇప్పుడు ముసలమ్మ వంటింటి మీద. మా ఊళ్ళో బురుజంటే ఎవరైనా ఆ పాత జైలు నడిమధ్యలోదాన్ని చూపిస్తారు, దాన్ని చూడ్డానికే టూరిస్టులు వస్తారు, ఆ టూరిస్టుల కోసమే లాడ్జి, ఆ లాడ్జికే మెట్లు. వదిన అంతదూరం ఆలోచించే రాసిందనుకుంటాను. దీపస్తంభానికి రాసింది మాత్రం వేరే రకం. ఎంత ఎత్తున నిలబడ్డా ఎవరి వెలుతురూ లాక్కోనిది, పైగా ఇచ్చేది. అది చదివినప్పుడు తాళ్ళ మీద కూర్చున్నవాళ్ళెవరూ నవ్వలేదు.

ఇక్కడ కాంట్రాక్టరు చేసిన పని చెప్పాలి. ఇది మా దీవిలో తప్ప ఎక్కడా జరగదు. అతనికి తెలుగు చదవడం రాదు. పజిలు పేజీ కోసం ఊళ్ళో తెలుగువాళ్ళందరూ ఎగబడుతున్నారని విన్నాడు. వ్యాపారం తెలిసినవాడు కదా, సెక్రటరీ దగ్గరికి వెళ్ళి ఆ పేజీ ఖర్చంతా తనే పెట్టుకుంటానని, కింద తన ప్రకటన వేయమని అడిగాడు. లాడ్జి ఫోటో ఇచ్చాడు. ఆ ఫోటోలో ఎదురుగా మెట్లు, పైన టవరు. జనం ఆధారం విని, పేజీ కిందికి చూసి, పైకి చూసి, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేవారు. సరైన జవాబులకి అతని తరఫున స్టీలు టిఫిను క్యారియరు బహుమతి కూడా. ఒక నెల అది నాకే వచ్చింది. అతని చేతుల మీదుగా తీసుకున్నాను. "ముబారక్ హో మామా, మీ బుర్ర బుర్రే" అని భుజం తట్టాడు. ఇంతటి ఆనందం నా పెళ్ళిలో కూడా కలగలేదు.

అంతటితో ఆగాడా? ఆ పేజీలకి ఫ్రేములు కట్టించి లాడ్జి కౌంటరు వెనక గోడకి వరసగా తగిలించాడు. చాలా కాలం అలాగే నడిచింది. ఒకసారి రాజమండ్రి వైపు నుంచి దిగిన ఒక పెద్దాయన తాళాల కోసం కౌంటరు దగ్గర నిలబడి, గోడ మీదవి చదివి, బయటికి వెళ్ళి ఆ మెట్లు చూసి, వాటి పక్క కిటికీ చూసి, లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడట. నవ్వు ఆగాక ఒక్కొక్క ఫ్రేమూ హిందీలో అర్థం చెప్పాడట.

ఆ సాయంత్రం నేను చేపలు ఇవ్వడానికి వెళ్ళి వదిన దగ్గరే ఉన్నాను. మెట్ల మీద కిర్రు, కిర్రు, ఆగింది. కాళ్ళు వంగాయి, తర్వాత నడుము, తర్వాత చువ్వల అవతల మొహం. ఆ కిటికీలో నేను అతని మొహం చూడడం అదే మొదలు.

"టీచర్ ఆంటీ, సచ్ బోలో. అవన్నీ నా మీదేనా?"

"నీ పేరు ఎక్కడైనా రాసేనా?"

"పేరు లేదు. ఫోటో ఉంది."

"ఫోటో నువ్వే ఇచ్చేవు కదా నాన్నా. డబ్బులిచ్చి మరీ."

నాకు నవ్వాగలేదు. అతను నా వైపు చూశాడు. "మామా, మీరు కూడానా?"

"నేను చదువుతాను బాబూ, అంతే. రాసేది ఆవిడ."

"సొసైటీకి ఇంత చేస్తున్నాను నేను. బజార్ మొత్తంలో ఇజ్జత్ తీసేరు."

"నీ ఇజ్జత్ అటు పక్క ఉంది, నీ కార్లు పెట్టుకున్న చోట" అంది వదిన, బియ్యంలోంచి రాయి తీసి కిటికీ బయటికి వేస్తూ. "మెట్లు అటు మార్చు. నీ ఇజ్జత్ నీకు, నా వెలుతురు నాకు."

"అదెలా కుదురుతుంది ఆంటీ? పర్మిషన్ ఉంది నాకు."

"అయితే నాదీ ఆగడం కుదరదు. నాకు పర్మిషన్ కూడా అక్కర్లేదు."

ఆ రాయి అతని చెప్పు మీద పడింది. గురి చూసి వేసిందో లేదో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాతి నెల పత్రికలో పజిలు లేదు. ఆ చోట రాశిఫలాలు వేశారు. స్థలం చాలడం లేదు టీచరమ్మా అన్నాడు సెక్రటరీ. "నా రాశికి ఏం రాసేరు?" అని అడిగింది. అతను చూసి, బంధుమిత్రులతో సఖ్యత అని ఉందన్నాడు. కాంట్రాక్టరు చేసిన రెండో పని ఇంకా నీచం. లాడ్జి పేరుతో పెద్ద ఫ్లెక్సీ కొట్టించి ఆ మెట్ల అవతలి రెయిలింగుకి, సరిగ్గా కిటికీకి ఎదురుగా కట్టాడు. బొమ్మ వైపు రోడ్డుకి, తెల్లటి వీపు వదినకి. మెట్ల సందుల్లోంచి వచ్చే కాస్త వెలుతురూ అక్కడితో సరి. ఆవిడ మిట్టమధ్యాహ్నం లైటు వేసుకుని బియ్యం ఏరేది.

నేను కొట్టు షట్టరు మీద నల్లరంగు కొట్టి, తెల్లరంగుతో గళ్ళు గీశాను. అందులో సుద్దముక్కతో రాసుకోవచ్చు, తుడిచి మళ్ళీ రాసుకోవచ్చు. పత్రిక చదివేవాళ్ళకే తెలిసిన మెట్లు ఇప్పుడు బజారంతటికీ తెలిశాయి. ఆదివారాలు షట్టరు వేసి ఉంటుంది కాబట్టి వ్యాపారానికి నష్టమూ లేదు. కాంట్రాక్టరు దగ్గర పనిచేసే మేస్త్రీలు కూడా వచ్చి కూర్చునేవారు. ఆ మెట్లు పోసినవాడు వాళ్ళలో ఒకడు. మంచి సిమెంటే వాడాం టీచరమ్మా, ఇప్పట్లో పడవు, అన్నాడు బాధగా.

వదిన గెలిచిందని మీరనుకుంటున్నారేమో. లేదు. ఊరు నవ్వింది, మెట్లు ఉన్నాయి. ఆ సంగతి ఆవిడకి నాకంటే బాగా తెలుసు. ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం ఆక్సిజన్ గొట్టం ముక్కు నుంచి పక్కకి తోసి, "రాసుకో" అంది. చేతిలో కాగితం లేదు, మందుల చీటీ వెనక రాసుకున్నాను.

"పక్కింటివాడు తీసుకున్నది. తల్చుకుంటే ఇప్పుడే తిరిగి ఇవ్వగలిగింది. నాలుగు అక్షరాలు."

"స్థలం" అన్నాను.

"అవి రెండు. ముసలాడివైపోయేవు మరిదీ."

కాసేపు వేళ్ళు మడిచాను. "వెలుతురు."

"ఊఁ. నువ్వు చెప్తే లెక్కలోకి రాదు. అతను చెప్పాలి. అతని నోటితో." మళ్ళీ గొట్టం పెట్టించుకుని, కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి, "చెప్పించు" అంది.

ఆవిడ నాకు అప్పగించి వెళ్ళింది అదొక్కటే. ఇల్లు కూడా మా పేరనే రాసింది, కానీ అది అప్పగించడం కాదు, ఇచ్చెయ్యడం. అప్పగించింది ఆ ఒక్క మాట.

సంతాప సభ పెట్టారు. స్టేజి మీద వదిన ఫోటో, దాని పక్క కుర్చీలో కాంట్రాక్టరు. దండ అతనిదే, టిఫిన్లు అతనివే, మైకూ అతనిదే అనుకుంటాను. "టీచర్ ఆంటీ నాకు మా అమ్మలాంటిది. ఆవిడ మన సమాజానికి వెలుగు" అన్నాడు. నాకు పళ్ళు పటపటలాడాయి, అంటే ఉన్నవి. నన్ను మాట్లాడమన్నారు. నేను జేబులోంచి మందుల చీటీ తీసి ఆధారం చదివాను. మా వదిన కట్టిన ఆఖరిది, జవాబు ఈయన చెప్పాలని ఆవిడ కోరిక, ఇంకెవరూ చెప్పకండి, అన్నాను.

హాలంతా వేళ్ళు కదిలాయి. ముందు వరస నుంచి గోడ వరకు. చేపలమ్మే ఆవిడ, ఆటోవాళ్ళు, ఆ మేస్త్రీ. నాలుగు వేళ్ళు మడిచి అలాగే పట్టుకుని స్టేజి వైపు చూస్తూ కూర్చున్నారు. అందరికీ తెలిసిపోయింది, ఒక్కరూ అనలేదు. కాంట్రాక్టరు నీళ్ళ సీసా మూత తిప్పుతున్నాడు. "మామా, ఇది టైమ్ కాదు" అన్నాడు మెల్లగా. సెక్రటరీ లేచి మైకు తీసుకుని, మామయ్యగారు చాలా బాధలో ఉన్నారు, అన్నాడు. బాధా? అంత కోపం నాకు జన్మలో రాలేదు.

కర్మలయ్యాక అతను మిడిల్ పాయింట్‌లో మా ఇంటికొచ్చాడు. సోఫా అంచు మీద కూర్చుని విషయంలోకి దిగాడు. "ఆ ఇల్లు ఇప్పుడు ఖాళీయే కదా మామా. నాకిచ్చేయండి, మంచి రేటు ఇస్తాను. గెస్టులకి కిచెన్ కడతా."

"ఖాళీ అని ఎవరన్నారు? మేం అక్కడికి మారుతున్నాం."

లోపల్నుంచి మా ఆవిడ, "ఎప్పుడనుకున్నారు?" అంది.

"ఇప్పుడే" అన్నాను.

మా ఆవిడ నాతో రెండ్రోజులు మాట్లాడలేదు, మూడో రోజు సామాను సర్దడం మొదలుపెట్టింది. ఆవిడకీ ఆ ఫ్లెక్సీ మీద కసి ఉంది, నాకు తర్వాత తెలిసింది.

ఇప్పుడు నేను ఆ కిటికీ దగ్గరే ఉంటున్నాను. బియ్యం ఏరడం నాకు రాదు, పజిలు కడతాను. వదినంత బాగా కుదరవు, అడ్డం కుదిరితే నిలువు విరుగుతుంది. అయినా కాళ్ళు కనబడగానే చువ్వల దగ్గరికి జరిగి ఆధారం పైకి చదువుతాను. తెలుగు కాళ్ళయితే ఆగుతాయి. గుంటూరు పిల్ల ఒకతె సామానుతో సహా మెట్ల మీద చతికిలబడి, సోపానం చెప్పి, చప్పట్లు కొట్టుకుని వెళ్ళింది. మిగతా కాళ్ళు కంగారుగా రెండేసి మెట్లు ఎక్కేస్తాయి. కిటికీలో ఒక ముసలాయన మంత్రాలు చదువుతున్నాడని, పిల్లలు జడుసుకుంటున్నారని ఎవరో లాడ్జి గురించి నెట్‌లో రాశారట. కాంట్రాక్టరు మనిషి వచ్చి కొంచెం మెల్లగా చదవమన్నాడు. నాకు చెముడు, మెల్లగా చదివితే నాకే వినబడదన్నాను. చెముడు లేదు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. వదిన కూర్చున్న చోట కూర్చుంటే తెలిసింది, ఆ కాళ్ళ చప్పుడు పజిలు రాసేటప్పుడు ఎంత చిరాకో. ఒక మాట అందబోతుంది, ఎవరో దడదడా దిగుతారు, అది జారిపోతుంది. ఆ చప్పుడు మధ్యనే ఆవిడ అన్ని పజిళ్ళు కట్టింది. తప్పు గడి ఒక్కటీ లేకుండా. బడి మొహం చూడనివాడికి పేపర్ ముక్కల్లోంచి చదువు వచ్చిందని ఊళ్ళో నన్ను పొగుడుతారు. ఆ ముక్కల్లో చిరిగిపోయిన చివర్లన్నీ చెప్పింది ఆవిడే, ఇదే కిటికీ దగ్గర, నేను అడిగినవన్నీ, విసుక్కుంటూ.

ఆమధ్య ఒక సాయంత్రం వాన వెలిసింది. నేను మందుల చీటీ చువ్వల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. కిర్రు, కిర్రు. కిటికీ ఎదురుగా ఆగింది. రోజూ ఆగకుండా పోయేది.

"అదే పజిలా మామా?"

"అదే."

"గెస్టులు రోజూ అడుగుతున్నారు, ఆన్సర్ ఏంటని."

"చెప్పలేకపోయావా?"

ఒక చెయ్యి రెయిలింగు మీద కనబడింది. వేళ్ళు ఒక్కొక్కటే మడిచాడు, నాలుగు.

"వెలుతురు" అన్నాడు.

"రాసుకోనా?"

"రాసుకోండి."

పెన్ను తీసి రాసుకున్నాను. అతను వంగి ఫ్లెక్సీ ముడులు విప్పాడు. కింది ముడి వానకి నాని బిగుసుకుపోయింది, పళ్ళతో లాగాడు. ఫ్లెక్సీ చుట్టి చంకలో పెట్టుకుని పైకి వెళ్ళాడు. ఎడమ చెప్పు పై అంతస్తు దాకా వినబడింది.